పొగలేని సాంబ్రాణి

గృహప్రవేశానికి గోడ గడియారం పట్టుకెళ్లే రోజులు పోయాయి. అష్టలక్ష్ముల పటమూ, ఆరు గ్లాసుల సెట్టూ కూడా వెనకబడ్డాయి. ఇప్పుడంతా డిఫ్యూజర్లే. కొండాపూర్‌లో మా మేనకోడలు కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించుకుంది. ఈ వారం చూడబోతే భోజనాల బల్ల మీద నాలుగు డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ కానుకలే. “అత్తా, ఒకటి ఉంచుకుని మిగతావి ఎవరికైనా అంటగట్టాలి. ఏది ఉంచుకోమంటావు?” అంది. బల్ల కింద దాని పిల్ల, ఇప్పుడిప్పుడే పాకుతోంది, ఓ డబ్బా తాలూకు అట్టముక్క తీరిగ్గా నములుతోంది.

పాత పాఠకులకు నా జవాబు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఒక్కటీ వద్దు, కిటికీ తియ్యి. ఇల్లు వాసనేస్తోందంటే గాలి కదలడం లేదని అర్థం. దాని మీద ఇంకో వాసన చల్లడమంటే స్నానం ఎగ్గొట్టి సెంటు కొట్టుకోవడమే. ఈ మాట ఎన్నిసార్లు రాశానో, “కిటికీగారికి నమస్కారం” అంటూ మొదలయ్యే ఉత్తరాలు ఇప్పటికీ వస్తుంటాయి. ఆ మాటే అనేసి చేతులు దులుపుకుందామనుకున్నాను. కానీ డబ్బా విప్పకుండా తీర్పు చెప్పే అలవాటు లేదు. విప్పాను.

మొదటిది అల్ట్రాసోనిక్. బజారులో ఎక్కువగా కనపడేవి ఇవే. మూత తీస్తే చిన్న గిన్నె, దాని అడుగున రూపాయి బిళ్లంత రేకు. నీళ్లు పోసి, నాలుగు చుక్కల తైలం వేసి, స్విచ్ నొక్కితే ఆ రేకు సెకనుకు 17 లక్షల సార్లో, 24 లక్షల సార్లో అదురుతుంది. మన చెవికి వినపడదు. ఆ అదురుకి నీళ్లు మరక్కుండానే సన్నటి తుంపరై, తైలాన్ని మోసుకుంటూ పైకి లేస్తాయి. మంట లేదు, వేడి లేదు. బాగానే ఉంది. అయితే నీళ్లు ఆవిరి కావడం వేరు, తుంపరగా చిట్లడం వేరు. ఆవిరైతే ఉప్పూ సున్నమూ గిన్నెలోనే మిగిలిపోతాయి. తుంపరైతే నీళ్లలో ఉన్నదంతా వాటితోపాటే గాల్లోకి ఎక్కుతుంది. కొండాపూర్ నీళ్ల సంగతి చెప్పాలా? బోరు, అది ఎండితే ట్యాంకరు. బాత్రూమ్ కుళాయికి తెల్లటి పొక్కులు కట్టించే ఆ నీళ్లే ఇందులో పోస్తే కొన్నాళ్లకి టీవీ మీద సున్నం పొర కనపడుతుంది. మనం పీల్చేదీ ఆ సున్నాన్నే. ఇందులో పోయవలసింది వంటింట్లోని ఆర్వో నీళ్లు, అదీ పూటకి పూట కొత్తవి.

రెండోది అందగత్తె. చెక్క దిమ్మ మీద ఊదిన గాజుబుడ్డి. దీన్ని నెబ్యులైజర్ అంటారు. నీళ్ల ప్రసక్తే లేదు. చిన్న పంపు సన్నటి గొట్టంలోంచి గాలిని జోరుగా ఊదుతుంది, ఆ ఊపుకి అడుగునున్న తైలం పైకి వచ్చి తునాతునకలవుతుంది. గాల్లోకి వెళ్లేది అచ్చం తైలమే. హోటల్ లాబీకి సరే. రెండు గదుల ఫ్లాట్‌కి మోతాదు మించుతుంది, సీసా కూడా చూస్తుండగానే ఖాళీ అవుతుంది. వట్టివేళ్లు, చందనం వంటి చిక్కటి తైలాలు దాని గొంతులో అడ్డం పడతాయి. మూడోది మట్టి బొమ్మరిల్లు, కింద కొవ్వొత్తి, పైన గిన్నె. ఈ తైలాలన్నీ అంటుకునే సరుకేనని తెలిసినవాళ్లు పాకే పిల్ల ఉన్న ఇంట్లో దాన్ని వెలిగించరు.

నాలుగోది తీశాక నవ్వొచ్చింది. మనవాళ్ల సొంత తెలివి అది. ప్లగ్గులో గుచ్చే కర్పూరదాని. బెడ్‌లైటుగా వెలుగుతుంది, పైనున్న వేడి పలక మీద బిళ్ల వేస్తే కరిగి ఆవిరైపోతుంది. దోమలు పోతాయి, జలుబు పోతుంది, దిష్టి కూడా పోతుందని డబ్బా మీద రాసి ఉంది. మూత తీయగానే కర్పూరం గుప్పుమంది.

కర్పూరం వాసనకి అందరికీ గుడి గుర్తొస్తుంది, నాకు పత్రికాఫీసు గుర్తొస్తుంది. కారణం అమృతాంజనం. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆ పసుపు లేపనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టేవారని చెబుతారు. విద్వాంసుడికీ తలనొప్పికీ సంబంధం ఏమిటని నన్నడక్కండి, పంతులుగారికి ఏదో తెలిసే ఉంటుంది. ఆ సీసాల మీద వచ్చిన డబ్బుతో 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా పుట్టింది. 1914లో మద్రాసు చేరి దినపత్రిక అయింది. 1924లో భారతి వచ్చింది. గ్రంథాలయాలకీ ఆంధ్రోద్యమానికీ ఆయన ఇచ్చింది ఆయన ఖాతా పుస్తకాలకైనా పూర్తిగా తెలుసో లేదో. ఇంతకీ ఆ సీసాలో ఉన్నదేమిటి? కర్పూరం, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలం, వింటర్‌గ్రీన్ ఆకులో ఉండే మిథైల్ శాలిసిలేట్. ఇవాళ డిఫ్యూజర్ పక్కన పెట్టి ‘ఎసెన్షియల్’ అని అమ్మే సరుకు చాలావరకు ఇదే. వారం వారం కాలమ్ గిలికి పొట్టపోసుకునే నాబోటి వాళ్లు ఆ తైలాల రుణం తిన్నవాళ్లం. బొత్తిగా తిట్టడానికి నోరు రాదు.

అయితే పంతులుగారి సరుకులో ఓ సుగుణం ఉంది. వేలి కొసకి ఎంత అంటితే అంతే మందు. కాస్త ఎక్కువ రాస్తే నుదురు భగ్గుమని చాలంటుంది. నొప్పి ఎవరికో వాళ్లకే వైద్యం. డిఫ్యూజర్ అలా కాదు, ఒకరి ఇష్టాన్ని గదిలో ఉన్నవాళ్లంతా పీల్చాలి. ఉబ్బసం ఉన్న నాయనమ్మ పీలుస్తుంది. తల తిప్పుకోవడం కూడా రాని పసిపిల్ల పీలుస్తుంది. పిల్లిని పెంచుకునేవాళ్లయితే మరీ జాగ్రత్త. టీట్రీ వంటి తైలాల్లోని పదార్థాల్ని విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. ఒంటి మీద పడిన తుంపరని అది నాకుతుంది కూడా.

కర్పూరదాని ముందు పెట్టెలో పెట్టెయ్యమన్నాను. దాన్ని గుచ్చే ప్లగ్గు నేలకి జానెడెత్తున ఉంది. బిళ్ల తెల్లగా, పటికబెల్లం ముక్కంత ఉంటుంది. పాకే పిల్ల చేతికి అందితే తిన్నగా నోట్లోకే. ఒక్క గ్రాము కర్పూరం కడుపులోకి పోతే చాలు, చంటిపిల్లలకి మూర్ఛలొస్తాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అమెరికావాళ్లు 1983లోనే పైపూత మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని కట్టడి చేసింది ఇందుకే. ప్రసాదం లడ్డూలో వేసే పచ్చకర్పూరం సంగతి వేరు, అది ఆవగింజంత. హారతి బిళ్ల చాలావరకు టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యేది. నీలగిరి తైలమూ అంతే. ముక్కు దిబ్బడేస్తే మనం దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టే ఆ తైలమే, పిల్లలు తాగితే మూర్ఛలు తెప్పిస్తుంది. పసివాళ్ల ముక్కు దగ్గర పిప్పరమెంటు, నీలగిరి ఘాటు పెడితే ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

“నేచురల్ కదా అత్తా” అనబోయి, నేను ఉమ్మెత్తకాయ సంగతి ఎత్తుతానని తెలిసి, తనే నాలిక్కరుచుకుంది.

ఆ బదులు ఇంకో కథ చెప్పాను. 2021లో అమెరికాలో జార్జియా, కాన్సస్, మిన్నెసోటా, టెక్సాస్‌లలో ఎన్నడూ దేశం దాటని నలుగురికి మెలియాయిడోసిస్ వచ్చింది. ఇద్దరు చనిపోయారు, వాళ్లలో ఒక పిల్లవాడు. మట్టిలో, నీళ్లలో ఉండే ఓ బాక్టీరియా వల్ల వచ్చే జబ్బది. 2025లో గుంటూరు దగ్గర తురకపాలెంలో వరసగా జనం చనిపోయినప్పుడు మన పేపర్లలోనూ ఆ పేరు అనుమానంగా వినిపించింది. అమెరికా ఆరోగ్యశాఖ వాళ్లు నెలల తరబడి వెతికితే చివరికి ఓ ఇంట్లో దొరికింది లావెండర్, చామంతి వాసనల గది స్ప్రే సీసా. తయారైంది మన దేశంలోనే. సువాసన తైలం కలిపిన నీళ్లలో క్రిమి చక్కగా బతికింది. తైలం వేస్తే క్రిములు చస్తాయి, డిఫ్యూజర్ కడగనక్కర్లేదు అనేవాళ్లకి ఈ ఒక్క సీసా చాలు. నిన్నటి నీళ్లు పారబోయాలి, గిన్నె తుడవాలి. రేకు మీద సున్నం కడితే దూదికి కాస్త వెనిగర్ అద్ది సుతారంగా రాయాలి, గోటితో గీకకూడదు. అంతేగానీ గాలి శుద్ధవుతుందని ఇందులో ఫినాయిలూ క్రిమిసంహారక మందులూ పోయకూడదు. కరోనా రోజుల్లో అలా పోసినవాళ్లని చూశాను. దక్షిణ కొరియాలో 1994 నుంచి 2011 దాకా తుంపర యంత్రాల నీళ్లలో కలిపే క్రిమిసంహారకాలు దుకాణాల్లో దర్జాగా అమ్మారు. ఒంటికి తగిలితే ఏమీ కాని ఆ మందు తుంపరై ఊపిరితిత్తుల్లోకి చేరి ఎంతోమంది గర్భిణుల్నీ పసిపిల్లల్నీ చంపింది.

ఈ ఉపన్యాసం నడుస్తుండగా మా వదిన వంటింట్లోంచి వచ్చింది. “ఈ గోలంతా ఎందుకమ్మా, శుభ్రంగా సాంబ్రాణి వేసుకోక!” అంది. ఆ మాటతో నేను తెనాలి పక్కన అమ్మమ్మగారింటి పురిటి గదిలోకి వెళ్లిపోయాను.

పిల్లకి నలుగు పెట్టి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసి తెచ్చేసరికి మూకుడు సిద్ధంగా ఉండేది. పొయ్యిలోంచి తీసిన నిప్పులు, మీద నివురు ఊదేసి, చిటికెడు సాంబ్రాణి పొడి. చిటపటలాడి, ముందు పచ్చి వాసనేసి, తర్వాత తెల్లటి పొగ లేచేది. నీళ్లు పోసే ఆవిడ పిల్లని రెండు అరచేతుల మీద బోర్లా పట్టుకుని పొగకి ఓసారి అటూ ఓసారి ఇటూ చూపించేది. తర్వాత అదే మూకుడు మీద వెదురుబుట్ట బోర్లిస్తే బాలింత దాని మీద జుట్టు ఆరబోసుకునేది. అమ్మమ్మ గడప మీద కూచుని ఉండేది. ఏ పనీ చేసేది కాదు, చూసేది అంతే. పిల్ల తుమ్మిందా, ఎవరైనా దగ్గారా, “చాలు, తియ్యవే!” అని కేక. మూకుడు వసారాలోకి వెళ్లిపోయేది. తియ్యకపోయినా నిప్పులు కాసేపటికి నివురైపోయేవి. మళ్లీ కావాలంటే మళ్లీ పొయ్యి దాకా నడవాలి. పెంకుటిల్లు, తెరిచిన తలుపు, చూరు సందులు. పొగ వచ్చిన దారినే పోయేది.

ఇంతదూరం వచ్చాక వదిన పక్షం చేరిపోవడమే మిగిలింది. నా రాతలన్నీ చూసినవాళ్లు అదే అనుకుంటారు. కానీ ఆ సాంబ్రాణి వదిన చేతిసంచీలో ఇన్‌హేలర్ ఉంది. ఆవిడ ఇప్పుడు వేసేది నిప్పుల మూకుడు కాదు, కొట్లో దొరికే సాంబ్రాణి కప్పు. బొగ్గుపొడీ సాంబ్రాణీ కలిపి అచ్చుపోసినది. అది తలుపులు బిగించిన ఏసీ హాల్లో పదిహేడో అంతస్తులో కాలుతుంది. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, ఏ పొగైనా సరే గొంతు దాటి లోలోపలికి పోయే సన్నటి ధూళిని మోసుకొస్తుంది. ఊదొత్తీ అంతే, దోమల చుట్టా అంతే. అమ్మమ్మ ఇంట్లో చూరు చేసిన పని ఇక్కడ చేసే నాథుడు లేడు. మూసిన గదిలో ఉబ్బసం మనిషి పక్కన పొగ పెట్టడం కంటే నాలుగు చుక్కల తుంపరే నయమని నా నోటితో నేనే అన్నాను. మా మేనకోడలు ఫోన్ తీసి రికార్డు చేస్తానంది.

నా కిటికీ సిద్ధాంతానికి కూడా అక్కడే చిక్కొచ్చింది. బాల్కనీ తలుపు జరిపితే ఎదురుగా ఇంకో టవర్ కోసం తవ్విన గుంట, కాంక్రీటు లారీలు, ఎర్రటి దుమ్ము. తెల్లారుజామున ఓ గంట తప్ప అక్కడ కిటికీ తియ్యమని చెప్పడానికి నాకే మనసొప్పలేదు. తెల్లారుజామున మాత్రం తియ్యాలి, అది వదులుకోను.

కాబట్టి మొదటిదే, ఆ అల్ట్రాసోనిక్‌దే ఉంచుకోమన్నాను. కానీ సాంబ్రాణిలో ఉండి దీంట్లో లేనిదేమిటో చెప్పి మరీ ఉంచుకోమన్నాను. పొగ కనపడుతుంది, కళ్లు మండిస్తుంది, ఎక్కువైతే మనిషిని లేపి బయటికి తోస్తుంది. తుంపర అలా చెయ్యదు. పైగా ముక్కు కొద్ది నిమిషాల్లోనే ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. వాసన రావట్లేదని ఇంకో నాలుగు చుక్కలు, మళ్లీ ఇంకో నాలుగు. వాసన తగ్గలేదు, మన ముక్కు పట్టించుకోవడం మానేసింది. బయటి నుంచి వచ్చినవాళ్లకి గుమ్మంలోనే తల తిరుగుతుంది. గడప మీద కూచుని చాలు తియ్యమనే మనిషి ఈ ఫ్లాట్‌లో లేదు గనక ఆ పని టైమరే చెయ్యాలి. కొనేటప్పుడు ఏడు రంగుల దీపాలూ బ్లూటూతూ చెక్క నగిషీ కాదు, అరగంట నడిచి ఆగిపోయే మీట ఉందా, నీళ్లు అయిపోతే దానంతటదే ఆగుతుందా, అంతే చూడాలి. అరగంట నడిస్తే కనీసం అంతసేపు విరామం. పడగ్గదిలో వద్దు, రాత్రంతా అసలే వద్దు. ఏడాది నిండని పిల్ల ఉన్న గదిలో నా మటుకు నేను ఒప్పుకోను, పిల్ల నిద్రపోయాక హాల్లో పెట్టుకోమన్నాను. వదిన వచ్చిన రోజుల్లో అదీ వద్దు. వాసన పొగ కాకపోయినా కొందరి ఉబ్బసానికి అదే చాలు. విజయవాడ, విశాఖ వాళ్లు ఇంకోటి ఆలోచించుకోవాలి. చెమట ఆరని ఊళ్లో గదిలోకి మరింత తేమ ఎందుకు?

గిన్నె అడుగున చిన్న ముక్కోణంలో 5 అంకె, పక్కన పీపీ అన్న అక్షరాలు ఉన్నాయో లేదో కూడా చూడమన్నాను. చిన్నప్పుడు కమలాతొక్క పిండి బెలూన్ పేల్చారు కదా? తొక్కలోంచి చిమ్మే ఆ లిమోనిన్ రబ్బరుని మెత్తబరుస్తుంది, థర్మాకోల్‌ని కరిగిస్తుంది. నిమ్మ, నారింజ తైలాల నిండా అదే. నాసిరకం ప్లాస్టిక్ గిన్నె దాని దెబ్బకి పగుళ్లిస్తుంది. ఓజోన్ వదిలే రకం ఎయిర్ ప్యూరిఫయర్ గదిలో ఉంటే ఈ లిమోనిన్ దాంతో కలిసి ఫార్మాల్డిహైడ్ పుట్టిస్తుంది. రెండు యంత్రాలూ ఒకేచోట పెట్టి గాలి బాగుపడిందని మురిసిపోయే ఇళ్లు ఉన్నాయి.

యంత్రంలో మిగిల్చిన డబ్బు తైలానికి పెట్టమన్నాను. ముదురు రంగు గాజు సీసా, మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు, తేదీ. ఇవి లేకపోతే ముట్టుకోవద్దు. గులాబీ తైలం కిలో రావాలంటే మూడు నాలుగు వేల కిలోల రేకలు కావాలి. రెండొందల యాభైకి వచ్చే గులాబీ సీసాలో గులాబీ ఎంతుంటుందో పూలకొట్టు ధర కట్టి చూసుకోండి. మల్లె ఆవిరిని తట్టుకోలేదు, దాని పరిమళాన్ని ద్రావకాలతో తీస్తారు, అది ఇంకా ఖరీదు. చవక మల్లె తైలమంటే ఫ్రాగ్రెన్స్ ఆయిలే. నిమ్మగడ్డి అలా కాదు. కోసిన గడ్డిని తొట్టిలో కూరి ఆవిరి పట్టిస్తే తైలం నీళ్ల మీద తేలుతుంది, తీయడం తేలిక. చవకదాన్ని కల్తీ చెయ్యడానికి ఎవరికీ పెద్ద ఆశ ఉండదు. ఈ సుగంధ పంటల మీద పనిచేసే సీమ్యాప్ పరిశోధన కేంద్రం మన హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది. నిమ్మగడ్డే తెచ్చుకోమన్నాను. నూరు మిల్లీలీటర్ల నీళ్లకి మూడు నాలుగు చుక్కలు దాటకూడదు.

యంత్రం కంటే భయపడవలసింది సీసాకే. పది మిల్లీలీటర్లే కదా అని డిఫ్యూజర్ పక్కనే వదిలేస్తారు. సగం సీసా చాలు ప్రమాదానికి. అల్మరా పై అరలో, తాళం వేసి ఉండాలి. పిల్ల తాగిందని అనుమానం వస్తే ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకండి, కక్కేటప్పుడు తైలం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తిన్నగా ఆస్పత్రికి వెళ్లండి. దారిలో ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117కి ఫోన్ చెయ్యవచ్చు, రాత్రీ పగలూ పలుకుతారు. సీసా వెంట తీసుకెళ్లండి, డాక్టరు ముందు అడిగేది లేబులే.